పూడిన బావిలో నీళ్లెలా ఊరాయి?

సికింద్రాబాద్‌ బన్సీలాల్‌పేటలో ఒక పాత మెట్లబావి ఉంది. దశాబ్దాల తరబడి అది చెత్తతో పూడిపోయి ఉండేది. బాగుచేసి, 2022 డిసెంబరులో మళ్లీ తెరిచారు. పూడిక తీస్తుంటే అడుగు నుంచి నీళ్లు ఊరాయి. ఎవరూ తెచ్చి పోయలేదు. మరి ఎక్కడివి?

ఇక్కడ మన కాళ్ల కింద ఉన్నది గ్రానైట్‌. మౌలాలి గుట్ట చూడండి, అదే రాయి. గట్టి రాయి నీటిని పీల్చుకోదు. కానీ దాని పైభాగం లక్షల ఏళ్లుగా ఎండకూ వానకూ నలిగి మొరం అయింది. ఆ కింద రాయిలో పగుళ్లున్నాయి. వాన నీరు మట్టిలోంచి మొరంలోకి, మొరంలోంచి పగుళ్లలోకి మెల్లగా దిగుతుంది. అలా నీటితో నిండిన పొర పై అంచే భూగర్భ జలమట్టం. బావి అంతకంటే లోతుగా ఉంటే, చుట్టూ ఉన్న నీరు దానిలోకి ఊరుతుంది.

మెట్లెందుకంటే, ఆ మట్టం ఒకచోట నిలవదు. వానలకు పైకొస్తుంది, వేసవిలో దిగిపోతుంది. నీరెంత దిగితే మనిషీ అంత దిగి ముంచుకోవాలి. నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఇంకొకటి: ఆ మెట్లే కొలబద్ద! ఎన్ని మునిగాయో లెక్కపెడితే నేలలో నీరు పెరిగిందో తగ్గిందో తెలుస్తుంది. జలశాస్త్రవేత్తలు ఇదే పనికి పీజోమీటర్‌ అనే సన్నని గొట్టపు బావులు వాడతారు.

కానీ నేలంతా సిమెంటు పరిస్తే వాన లోపలికి దిగదు. నాలాల్లో పడి హుస్సేన్‌సాగర్‌ వైపు పరుగెడుతుంది.

మీ వీధిలో పాత బావి ఉందా? పెద్దవాళ్లను తోడు తీసుకెళ్లి, నెలకోసారి తాడుతో నీటిమట్టం కొలవండి. తేదీ వేసి రాసిపెట్టండి.