వాంతిమందులో దొరికిన మారుతాళం

నాడీవ్యవస్థ పాఠం చెబుతుంటే వెనక బెంచీ కుర్రాడు లేచాడు. "డోపమిన్ తగ్గితే పార్కిన్సన్స్ వస్తుందన్నారు కదా సార్, మరి డోపమిన్ మాత్రే వెయ్యొచ్చుగా?" వాళ్ల తాతయ్యకు చొక్కా గుండీలు పెట్టుకోవడానికే పావుగంట పడుతోందట.

వెయ్యొచ్చు, మెదడుకు మాత్రం చేరదు. మెదడులోని రక్తనాళాల గోడలకు పిసరంత సందు ఉండదు; డోపమిన్‌ను అవి దాటనివ్వవు. దాని ముడిసరుకు లెవోడోపాను మాత్రం అమైనో ఆమ్లాల దారిలో పోనిస్తాయి. (మన పొదల్లో పాకే దూలగొండి గింజల్లో ఉండేది ఈ లెవోడోపాయే.) లోపల దాన్ని డోపమిన్‌గా మార్చి దాచుకుని, కావలసినప్పుడు వదిలే పని నాడీకణాలది. ఈ జబ్బులో చచ్చిపోయేది సరిగ్గా ఆ కణాలే. వంటవాళ్లు ఒక్కొక్కరే మానేస్తుంటే మనం బియ్యం బస్తాలు దించుతూ కూర్చున్నట్టు.

డోపమిన్ అగోనిస్టులు అనే మందుల తీరు వేరు. వీటికి వంటతో పనిలేదు. డోపమిన్ అవతలి కణం మీదున్న గ్రాహకంలో తాళంచెవిలా దూరుతుంది. అగోనిస్టు దానికి మారుతాళం.

మొదటి మారుతాళాన్ని చేసినవాళ్లకు అది తాళంచెవి అనే తెలియదు! 1869లో మాథీసెన్, రైట్ అనే ఇద్దరు మార్ఫిన్‌ను హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కలిపి మూసిన గొట్టంలో వేడిచేశారు. ఒక నీటి అణువు ఊడిపోయింది. మిగిలిన చట్రం మెలితిరిగి కొత్తగా సర్దుకుంది. అదే అపోమార్ఫిన్. పేరులో మార్ఫిన్ ఉన్నా నొప్పి తగ్గించదు, వాంతి చేయిస్తుంది. విషం తిన్న కుక్కలకు పశువైద్యులు ఇప్పటికీ వాడతారు.

క్లాసులో రెండు బొమ్మలూ పక్కపక్కన గీశాను. డోపమిన్‌కు ఒక వలయం, దాని మీద రెండు హైడ్రాక్సిల్ గుంపులు, రెండు కార్బన్ల తోక, తోక చివర నైట్రోజన్. ఆ తోక ఎటంటే అటు ఊగుతుంది. అపోమార్ఫిన్‌లో కూడా అదే వలయం, అవే రెండు గుంపులు, రెండు కార్బన్ల అవతల అదే నైట్రోజన్. తోకను మాత్రం పక్క వలయాలు వెల్డింగ్ చేసినట్టు బిగించేశాయి. ఎర్ర సుద్దతో ఆ భాగం దిద్దుతుంటే కుర్రాడే అరిచాడు, "డోపమిన్ ఇందులోనే ఉంది సార్!"

1951లో ష్వాబ్ అనే అమెరికన్ వైద్యుడు పార్కిన్సన్స్ రోగులకు దీన్ని ఇచ్చి చూశాడు. వణుకు, బిగువు తగ్గాయి గానీ వాంతులతో చిక్కొచ్చింది. రక్తంలో విషాన్ని పసిగట్టాలి కాబట్టి, వాంతిని పురిగొల్పే భాగం మెదడు అడుగున ఆ గోడ కాపలా లేనిచోట ఉంటుంది. అక్కడా డోపమిన్ తాళాలే. దీనికి విరుగుడు మన మందుల షాపుల్లో దొరికే డోంపెరిడోన్. అది తాళంలో దూరి తిరగకుండా అడ్డుపడుతుంది, పైగా గోడ దాటలేదు. అంటే బయటి తాళాలు మూతపడతాయి, లోపలివి అపోమార్ఫిన్‌కు మిగులుతాయి. అడ్డంగా ఉన్న గోడనే పనిముట్టుగా వాడుకోవడం! ఇంత చక్కటి ఎత్తు వైద్యంలో నాకు మరొకటి కనబడలేదు. అపోమార్ఫిన్‌ను చర్మం కింద సూదిగా వేస్తే, కొయ్యబారిన మనిషి పది నిమిషాల్లో లేచి నడుస్తాడు. గంటకల్లా మళ్లీ మామూలే. మాత్రగా మింగితే కాలేయమే చాలావరకు విరిచేస్తుంది.

తరవాతి కథ గబగబా చెప్పేస్తాను. 1974లో రై పంటకు పట్టే ఎర్గాట్ బూజు రసాయనాల నుంచి తయారైన బ్రోమోక్రిప్టిన్ వచ్చింది. ఆ కుటుంబానిదే పెర్గోలైడ్. గుండె కవాటాలు మందమవుతున్నాయని 2007లో అమెరికాలో మానిపించారు. ఇప్పుడు నడుస్తున్నవి ప్రామిపెక్సోల్, రోపినిరోల్ మాత్రలు, ఒంటికి అంటించే రొటిగోటిన్ పట్టీ. లెవోడోపా గంటన్నరకే రక్తంలో సగమైతే రోపినిరోల్‌కు ఆరు గంటలు పడుతుంది. అందుకే కొందరికి, ముఖ్యంగా చిన్న వయసులో జబ్బు వచ్చినవాళ్లకు ముందు వీటినే ఇస్తారు. కొందరికి లెవోడోపాకు తోడుగా ఇస్తారు. బలంలో మాత్రం లెవోడోపాదే పైచేయి.

మారుతాళంతో ఉన్న పేచీ ఏమిటంటే అది పక్కగది తలుపులూ తీస్తుంది. కోరికను నడిపే చోట కూడా ఈ తాళాలే ఉన్నాయి. ఈ మందులు వాడేవాళ్లలో కొందరికి జూదం, అక్కర్లేని కొనుగోళ్లు, తిండియావ పట్టుకుంటాయి. కొందరు ఉన్నట్టుండి నిద్రలోకి జారిపోతారు. బండి నడిపేవాళ్లకు ఇది ప్రాణాంతకం.

ఆ కుర్రాడికి చెప్పిందే మీకూ చెబుతున్నా. మీ తాతయ్య ఎప్పుడూ లేనిది అర్ధరాత్రి ఫోనులో రమ్మీ ఆడుతుంటే తిట్టకండి, ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. మాత్రను మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయకండి.