ఇనుము మలిచే గురువు కోసం
తోడేలు మనుషుల కథ కదా అని పాట్రీషియా బ్రిగ్స్ నవల ‘ఐరన్ కిస్డ్’ (2008) తెరిచిన పాఠకుడికి ఎదురయ్యేది గ్రీజు మరకల చేతులు. అమెరికాలోని కెన్నెవిక్‌లో వోక్స్‌వ్యాగన్ కార్లు బాగుచేసే మెర్సీ, కయోటీ అనే, తోడేలును పోలిన చిన్న జంతువుగా మారగలదు. పొరుగింటాయన తోడేళ్ల గుంపుకు పెద్ద. పని నేర్పిన ముసలి జీ యక్షజాతివాడు. ఆ జాతికి ఇనుము గిట్టదు. బాలింత తలగడ కింద ఇనుపముక్క పెట్టే మనవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు! జీ మాత్రం ఇనుమునే మలిచే అరుదైన పనివాడు.

యక్షుల్లో చాలామందిని వల్లావల్లా సమీపాన కంచె లోపల ఉంచారు. అక్కడి కాపలాదారు హత్యానేరం జీ మీద పడుతుంది. అతణ్ణి బలిచ్చి కేసు మూయించాలని సొంత జాతి పెద్దలే చూస్తారు. మెర్సీ జోక్యం జీకీ నచ్చదు. ఆమె వినదు. తోడేళ్ల కోరలకన్నా ఈ మొండి గురుభక్తే పుస్తకాన్ని కింద పెట్టనివ్వదు.

చివర మెర్సీపై జరిగే అత్యాచారం ఉన్నందున పిల్లల చేతికి ఇవ్వదగినది కాదు.