పైలట్లు విన్న మాటనే మళ్లీ ఎందుకు చెబుతారు?

ముంబయి విమానాశ్రయంలో రెండు రన్‌వేలు ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతాయి. అందుకే సాధారణంగా ఒకసారికి ఒక్కదాన్నే వాడతారు. దిగబోయే విమానాలు, ఎగరబోయే విమానాలు అన్నీ టవర్‌లోని కంట్రోలర్‌తో ఒకే రేడియో ఫ్రీక్వెన్సీలో మాట్లాడాలి. ఇది ఫోన్ సంభాషణ వంటిది కాదు. ఒకరు మీట నొక్కి మాట్లాడుతుంటే మిగతా అందరూ ఆగి వినాల్సిందే.

ఇద్దరు ఒకేసారి మీట నొక్కితే? విమాన రేడియోలు 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య, పాతకాలపు ఏఎం పద్ధతిలోనే పనిచేస్తాయి. మన పాటల స్టేషన్లు వాడే ఎఫ్ఎంలో రెండు సంకేతాలు కలిసి వస్తే రిసీవర్ బలమైనదాన్ని పట్టుకుని రెండోదాన్ని దాదాపు మింగేస్తుంది. అలాంటప్పుడు రెండో గొంతు ఒకటుందని కూడా తెలియదు. ఏఎంలో రెండూ వినబడతాయి. పైగా ఏ రెండు ట్రాన్స్‌మిటర్ల ఫ్రీక్వెన్సీ కచ్చితంగా ఒకటే ఉండదు. సెకనుకు దాదాపు 12 కోట్ల కంపనాల్లో వెయ్యి తేడా ఉన్నా, చెవిలో 1000 హెర్ట్జ్ ఈల మోగుతుంది. మాటలు చెడిపోతాయి కానీ, చెడిపోయాయన్న సంగతైనా తెలుస్తుంది. ఆ ఈల విన్నవారు 'బ్లాక్డ్' అని హెచ్చరిస్తే మళ్లీ చెప్పించుకుంటారు.

1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫె దీవిలో ఈ ఈల మోగింది. పక్క దీవి విమానాశ్రయంలో బాంబు పేలడంతో దారి మళ్లించిన విమానాలతో ఇక్కడి చిన్న విమానాశ్రయం కిక్కిరిసిపోయింది. పొగమంచు వల్ల టవర్‌కు రన్‌వే కనబడడం లేదు. కేఎల్ఎం విమానం, ఎగిరాక వెళ్లాల్సిన మార్గం గురించిన సూచనను తిరిగి చెప్పి, చివర 'ఇప్పుడు టేకాఫ్ దగ్గర ఉన్నాం' అన్న అర్థం వచ్చే మాట చేర్చింది. ఎగరడానికి సిద్ధంగా ఉన్నామంటున్నారని కంట్రోలర్ అనుకున్నాడు. నిజానికి విమానం అప్పటికే కదిలింది. 'ఓకే' అని ఒక క్షణం ఆగి, 'టేకాఫ్‌కు వేచి ఉండండి, నేను పిలుస్తాను' అన్నాడు. సరిగ్గా అప్పుడే పాన్ యామ్ విమానం, 'మేమింకా రన్‌వే మీదే ఉన్నాం' అని చెప్పింది. కేఎల్ఎం కాక్‌పిట్‌లో స్పష్టంగా వినబడింది 'ఓకే' ఒక్కటే, తర్వాతదంతా కీచుమనే ఈల. కొన్ని సెకన్లకు రెండూ ఢీకొని 583 మంది చనిపోయారు.

ఆ తర్వాత మాటల వాడకం బిగిసింది. ఎగరడానికి అనుమతి ఇచ్చేటప్పుడు, దాన్ని రద్దు చేసేటప్పుడు తప్ప 'టేకాఫ్' అనే మాట వాడరు. మిగతా సందర్భాల్లో 'డిపార్చర్' అంటారు. రన్‌వేకు, ఎత్తుకు సంబంధించిన సూచనను పైలట్ తన విమానం పిలుపు పేరుతో సహా తిరిగి చెప్పాలి. 'రోజర్' అంటే చాలదు. ఆ మాటకు విన్నానని మాత్రమే అర్థం, ఏం విన్నాడో కంట్రోలర్‌కు తెలియదు. తిరిగి చెప్పినదాన్ని కంట్రోలర్ శ్రద్ధగా వినడం ఇందులో రెండో సగం. 254, 245 వంటి పిలుపు పేర్లు ఒకేసారి ఫ్రీక్వెన్సీలో ఉంటే ఒకరి అనుమతి మరొకరు అందుకునే ప్రమాదం ఉంది. అందుకే అంకెలను విడివిడిగా పలుకుతారు. 'ఫైవ్'తో కలిసిపోకుండా 'నైన్'ను 'నైనర్' అంటారు.

రద్దీ తగ్గించడానికి పెద్ద విమానాశ్రయాల్లో, విమానం ఇంకా నిలిచి ఉండగానే మార్గం అనుమతిని తెర మీద అక్షరాలుగా పంపుతున్నారు. అక్షరాలకు ఈల బాధ లేదు. అయితే ఒకరికి పంపిన సందేశం పక్క విమానానికి వినబడదు. టెనెరిఫెలో ఈల ఆగాక పాన్ యామ్ పలికిన మరో మాట విని, 'వాళ్లు ఇంకా ఖాళీ చేయలేదా?' అని కేఎల్ఎం ఫ్లైట్ ఇంజినీర్ అడిగాడు. కెప్టెన్ ఆ సందేహాన్ని తోసిపుచ్చాడు. ఆ ప్రశ్న పుట్టిందే అందరూ ఒకే ఫ్రీక్వెన్సీలో ఉండడం వల్ల. దిగడానికి, ఎగరడానికి అనుమతులను ఇప్పటికీ నోటితోనే ఇస్తున్నారు.