రన్నింగ్ బ్యాక్‌ను ఎప్పుడు ఎంచుకోవాలి?

అమెరికావాళ్ళు ఫుట్‌బాల్ అనేది మనం చూసే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు, చేత్తోనే విసురుతారు, అడ్డొచ్చినవాళ్ళను గుద్దుకుని కింద పడతారు. డాలస్‌లోనో పక్కనున్న ఫ్రిస్కోలోనో ఉద్యోగాలు చేసుకుంటున్న అక్కాబావలు మనలో చాలామందికి ఉన్నారు కదా, వాళ్ళ ఊరి జట్టు డాలస్ కౌబాయ్స్. చితికిపోయిన జట్టును మళ్ళీ నిలబెట్టాలంటే ముందు ఎవర్ని తెచ్చుకోవాలి అన్నది అక్కడ ఎన్నేళ్ళైనా తెగని తగువు. ముఖ్యంగా, బంతి పట్టుకుని పరుగెత్తే ఆటగాడికి ఎంత విలువ కట్టాలి అన్నదగ్గర ఆ తగువు బాగా ముదురుతుంది.

ముందు ఆట సంగతి కొంచెం చెప్పుకోవాలి. మైదానం పొడవు 100 గజాలు. చీర కొలతకు వాడే గజమే. జట్టుకు 11 మంది. బంతి చేతిలో ఉన్న పక్షాన్ని అఫెన్స్ అంటారు. వాళ్ళు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి, పోలేకపోతే బంతి ఎదుటివాళ్ళకి వెళ్ళిపోతుంది. బంతిని విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. అతని చేతిలోంచి అందుకుని జనం మధ్యలోంచి దూసుకుపోయేవాడు రన్నింగ్ బ్యాక్. వీళ్ళిద్దరికీ ముందు గోడలా ఐదుగురు నిలబడతారు. ఒక్కొక్కరూ సాధారణంగా 135 కిలోల పైమాటే. ఆ గోడ పేరు అఫెన్సివ్ లైన్. వాళ్ళు బంతి పట్టుకుని పరుగెత్తరు, పాయింట్లు తేరు. ఎదుటివాళ్ళను పక్కకి నెట్టి సందు చెయ్యడమే వాళ్ళ పని.

టీవీలో చూస్తే రన్నింగ్ బ్యాక్ ఒంటరి వీరుడిలాగే కనిపిస్తాడు, చెడుగుడులో కూతకు వెళ్ళినవాడిలాగా. కానీ కూతకు వెళ్ళినవాడు నిజంగానే ఒంటరి. వీడు మాత్రం ముందున్న ఐదుగురూ తీసిన సందులోంచి వెళ్ళాలి. సందు లేకపోతే ఎంతటివాడైనా రెండు గజాల్లో నేలమీద ఉంటాడు.

ఇక డ్రాఫ్ట్. మహిళల ప్రీమియర్ లీగ్‌కి వేలం చూశాం కదా, ఎవరు ఎక్కువ పాడితే వాళ్ళకి ఆటగత్తె దక్కింది. అమెరికాలో పాట లేదు, వంతులు ఉన్నాయి. కాలేజీల్లో ఆడి వచ్చిన కుర్రాళ్ళను 32 జట్లూ ఏడు రౌండ్లలో వరసగా ఎంచుకుంటాయి. కిందటి ఏడాది అందరికంటే అధ్వాన్నంగా ఆడిన జట్టుది మొదటి వంతు, కప్పు గెలిచిన జట్టుది చివరి వంతు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతి అయినా ఫరవాలేదంటారు. ఇక్కడ కడబంతివాళ్ళకే ముందు వడ్డించమని రూలు రాసిపెట్టారు. వంతులను జట్లు ఒకదానితో ఒకటి మార్చుకోవచ్చు, రాబోయే ఏళ్ళ వంతులు కూడా. ఆటగాడికి మాత్రం ఎంపిక లేదు, ఏ జట్టు పేరు పిలిస్తే అక్కడికే. 1936లో జరిగిన తొలి డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు పిలిచిన పేరు కూడా బంతితో పరుగెత్తేవాడిదే, జే బెర్వాంగర్. ఆయన ఒక్క ప్రొఫెషనల్ ఆట కూడా ఆడకుండా నురుగు రబ్బరు అమ్మే ఉద్యోగంలో చేరిపోయాడు. ఆ రోజుల్లో ఆటకంటే అదే గిట్టుబాటు!

చిక్కు ఎక్కడంటే, మొదటి వంతులు వచ్చేవి చెడిపోయిన జట్లకి. చెడిపోయిన జట్టులో గోడ కూడా చెడిపోయే ఉంటుంది. కానీ కాలేజీ ఆటల్లో అందరి కళ్ళూ పడేది పరుగెత్తేవాడిమీద. అభిమానులకి వాడే కావాలి, టికెట్లు అమ్ముడుపోవడానికీ వాడే కావాలి. కాబట్టి ఎవర్ని ఎంచుకోవాలన్నదానికంటే ఎప్పుడు ఎంచుకోవాలన్నదే పెద్ద ప్రశ్న అని నాకు అనిపిస్తుంది. దీనికి డాలస్ కథ చాలా మంచి ఉదాహరణ.

1988లో కౌబాయ్స్ 16 ఆటల్లో గెలిచింది మూడే. అదే ఏడాది వాళ్ళ రన్నింగ్ బ్యాక్ హెర్షెల్ వాకర్ 1,514 గజాలు పరుగెత్తాడు. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. గజాలు వచ్చాయి, గెలుపులు రాలేదు. 1989లో జట్టు చేతులు మారింది, జిమ్మీ జాన్సన్ కొత్త కోచ్‌గా వచ్చాడు. మొదటి ఐదు ఆటలూ ఓడిపోయారు. అప్పుడు, అక్టోబరు 12న, జాన్సన్ తన దగ్గరున్న ఒకే ఒక్క పేరున్న ఆటగాణ్ణి, వాకర్‌ని, మిన్నెసోటా వైకింగ్స్‌కి ఇచ్చేశాడు. బదులుగా ఐదుగురు ఆటగాళ్ళు వచ్చారు. లాభపడింది మిన్నెసోటావాళ్ళే అని అప్పట్లో చాలామంది రాశారు. కానీ ఒప్పందంలో ఒక మెలిక ఉంది. వచ్చిన ఆటగాణ్ణి గడువులోగా వదిలేస్తే, అతనికి బదులుగా మిన్నెసోటా డ్రాఫ్ట్ వంతు డాలస్‌కి చెందుతుంది. జాన్సన్ కన్ను మొదటినుంచీ ఆ వంతులమీదే. చివరికి 1990 నుంచి 1992 దాకా మిన్నెసోటావాళ్ళ మొదటి రౌండు వంతులు మూడు, రెండో రౌండు వంతులు మూడు డాలస్ చేతికి వచ్చాయి. ఇంకా చిల్లర వంతులు వేరే.

ఆ సీజన్లో డాలస్ ఒక్క ఆట గెలిచి 15 ఓడింది. అదీ అనుభవించాల్సిందే. ఆ తర్వాత 1990లో, మిన్నెసోటా ఇచ్చిన 21వ వంతును పిట్స్‌బర్గ్‌తో మార్చుకుని 17కి ఎక్కి, ఫ్లోరిడా నుంచి వచ్చిన ఎమిట్ స్మిత్‌ని తీసుకున్నారు. పొడవు ఐదడుగుల తొమ్మిది అంగుళాలు. పొట్టివాడు, అంత వేగం లేదు అని పదహారుసార్లు మిగతావాళ్ళు పేరు దాటేసిన కుర్రాడు. ఒక రన్నింగ్ బ్యాక్‌ని వదిలించుకుని మరో రన్నింగ్ బ్యాక్‌ని తెచ్చుకున్నారేమిటి, తేడా ఏముంది అంటారా? తేడా కాలంలో ఉంది. స్మిత్ వచ్చేసరికి బంతి అందుకోవడానికి మైకేల్ ఇర్విన్, విసరడానికి ట్రాయ్ ఎయిక్‌మన్ అప్పటికే ఉన్నారు. గోడ కూడా మెల్లగా లేస్తోంది. అందులోని మార్క్ టుయినే, నేట్ న్యూటన్‌లను డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోనేలేదు, మార్క్ స్టెప్నాస్కి మూడో రౌండువాడు. పేరు లేని మనుషులతో కట్టిన గోడ అది. 1992 సీజన్లో 13 గెలిచి, సూపర్ బౌల్‌లో బఫలోని 52-17తో ఓడించారు. 1993, 1995 సీజన్ల కప్పులు కూడా వాళ్ళవే. స్మిత్ మొత్తం పరుగు 18,355 గజాలు, దాన్ని ఇంతవరకూ ఎవరూ దాటలేదు. మిన్నెసోటాలో వాకర్ ఒక్క సీజన్లోనైనా వెయ్యి గజాలు ముట్టలేదు.

స్మిత్ గొప్పవాడు కాబట్టే గెలిచారు అని మీరనొచ్చు. అలా అయితే బ్యారీ శాండర్స్ సంగతి చూడండి. 1989లో మూడో వంతులో డెట్రాయిట్ తీసుకుంది. పది సీజన్లు ఆడి, పదింటిలోనూ వెయ్యి గజాలు దాటాడు. కళ్ళు మూసి తెరిచేలోగా ముగ్గుర్ని తప్పించుకునేవాడు. ఆ పదేళ్ళలో డెట్రాయిట్ నాకౌట్ దశలో గెలిచింది ఒక్క ఆట. 1999లో, ఇంకా ఒంట్లో సత్తువ ఉండగానే, ఆయన ఆట మానేశాడు.

దీనికి తిరగేసిన కథ డెన్వర్‌ది. 1995లో ఆరో రౌండులో, 196వ పేరుగా, టెరెల్ డేవిస్‌ని తీసుకున్నారు. మూడేళ్ళు తిరిగేసరికి ఒకే సీజన్లో 2,008 గజాలు, రెండు వరస కప్పులు. 1999లో అతని మోకాలు దెబ్బతింది. ఆ ఏడాది నాలుగో రౌండులో వచ్చిన ఒలాండిస్ గ్యారీ 1,159 గజాలు, మరుసటి ఏడాది ఆరో రౌండులో వచ్చిన మైక్ యాండర్సన్ 1,487 గజాలు పరుగెత్తారు. మనిషి మారినా గజాలు ఆగలేదంటే, సందు తీసే పద్ధతి అంత గట్టిదన్నమాట. అలాగని డేవిస్‌ని తక్కువ చెయ్యకూడదు, కప్పులు తెచ్చింది అతనే.

ఆ 1999లోనే న్యూ ఆర్లీన్స్ కోచ్ మైక్ డిట్కా, రికీ విలియమ్స్ అనే ఒక్క రన్నింగ్ బ్యాక్ కోసం ఆ ఏడాది తన వంతులన్నీ, వచ్చే ఏడాదివి మరో రెండూ ధారపోశాడు. ఇద్దరూ పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు వేషాల్లో ఒక పత్రిక ముఖచిత్రానికి ఫొటో దిగారు కూడా. జట్టు మూడు గెలిచి 13 ఓడింది. డిట్కా ఉద్యోగం పోయింది. వంతులు లేకపోతే గోడ ఎక్కణ్ణుంచి వస్తుంది?

మొన్నమొన్నటి కథ 2018ది. న్యూయార్క్ జయంట్స్ రెండో వంతులో సాక్వాన్ బార్క్‌లీని ఎంచుకుంది. తొలి సీజన్లోనే పరుగులు, అందుకున్న బంతులు కలిపి 2,028 గజాలు తెచ్చాడు, కొత్తవాళ్ళలో ఉత్తముడని బహుమతి అందుకున్నాడు. జట్టు మాత్రం అయిదు గెలిచి 11 ఓడింది. క్వార్టర్‌బ్యాక్ ఈలై మానింగ్‌కి అప్పటికి 37 ఏళ్ళు, గోడ బలహీనం. అదే రోజు ఆరో వంతులో ఇండియానాపొలిస్ కోల్ట్స్ క్వెంటన్ నెల్సన్‌ని తీసుకుంది. నెల్సన్ గోడలో నిలబడేవాడు. ఆ ముందు ఏడాది కోల్ట్స్ క్వార్టర్‌బ్యాక్‌లను ఎదుటివాళ్ళు బంతితో సహా 56 సార్లు పడేశారు. నెల్సన్ వచ్చిన ఏడాది ఆ సంఖ్య 18. నాలుగు గెలిచిన జట్టు పది గెలిచింది. గాయం మానిన క్వార్టర్‌బ్యాక్ ఆండ్రూ లక్ తిరిగి రావడం దీనికి పెద్ద కారణమే, అది దాచకూడదు. ఐనా వాళ్ళ రన్నింగ్ బ్యాక్ మార్లాన్ మాక్, అంతకుముందు ఏడాది నాలుగో రౌండులో దొరికినవాడు, 908 గజాలు తెచ్చాడు.

ఇందులో డబ్బు లెక్క కూడా ఉంది. 2011 నుంచి కొత్త ఆటగాడి జీతం అతని వంతు సంఖ్యను బట్టి దాదాపు స్థిరపడిపోయింది. రెండో వంతులో క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకున్నా, రన్నింగ్ బ్యాక్‌ని తీసుకున్నా జీతం ఒకటే. మంచి క్వార్టర్‌బ్యాక్‌ని బజారులో కొనాలంటే దానికి ఎన్నో రెట్లు పెట్టాలి. రన్నింగ్ బ్యాక్‌కి అలా కాదు, ఆ జీతానికే పేరున్నవాడు దొరుకుతాడు. అంటే పై వంతును పరుగెత్తేవాడిమీద ఖర్చుపెడితే మిగిలేది తక్కువ. 2013, 2014 డ్రాఫ్ట్‌లలో మొదటి రౌండులో ఒక్క రన్నింగ్ బ్యాక్‌నీ ఎవరూ తీసుకోలేదు.

జట్టు వైపు నుంచి చూస్తే ఇదంతా తెలివైన లెక్కే. కుర్రాడి వైపు నుంచి చూస్తే గుండె కలుక్కుమంటుంది. సీజన్‌కి రెండు మూడు వందల సార్లు బంతి పట్టుకుంటాడు, ప్రతిసారీ చివర ఎవరో ఒకరు వచ్చి గుద్దాల్సిందే. హైస్కూలు అయ్యాక మూడేళ్ళదాకా డ్రాఫ్ట్‌కి రానివ్వరు. ఆ మూడేళ్ళూ కాలేజీ కోసం దెబ్బలు తింటాడు. తర్వాత నాలుగేళ్ళ ఒప్పందం, మొదటి రౌండువాడైతే జట్టు ఇష్టాన్ని బట్టి అయిదో ఏడు. ఆపైన కూడా జట్టు తలచుకుంటే ఇంకో ఏడాది కట్టిపడెయ్యొచ్చు. తన ఇష్టప్రకారం జట్టును ఎంచుకునే రోజు వచ్చేసరికి మోకాళ్ళు అరిగిపోయి ఉంటాయి. 2018లో 21 టచ్‌డౌన్‌లు చేసిన టాడ్ గర్లీని అతని జట్టు 2020 మార్చిలో వదిలేసింది. అప్పటికి అతనికి 25 ఏళ్ళు. మన ఎం.ఏ. పూర్తయ్యి ఉద్యోగం వెతుక్కునే వయసు.

అందుకే కుర్రాళ్ళను పరీక్షించేవాళ్ళు కాలేజీలో ఎన్నిసార్లు బంతి మోశాడన్నది కూడా లెక్కేస్తారు. ఇండియానాపొలిస్‌లో ఏటా జరిగే పరీక్షల్లో 40 గజాల పరుగును గడియారంతో కొలుస్తారు, టీవీవాళ్ళకి అదే పండగ. కానీ ఆటలో 40 గజాలు తిన్నగా పరుగెత్తే అవకాశం ఎప్పుడో గాని రాదు. గోడ వెనకాల ఒక్క క్షణం ఆగి, ఏ సందు తెరుచుకుంటుందో చూసి, అటు తిరగడం అసలు విద్య. స్మిత్‌ దగ్గర ఉన్నది అదే, దానికి గడియారం లేదు. విసిరిన బంతిని పట్టుకోగలడా, క్వార్టర్‌బ్యాక్‌ మీదికి వచ్చేవాడికి అడ్డం పడగలడా అన్నవి కూడా చూడాలి. అడ్డం పడలేనివాణ్ణి కోచ్‌లు సగం ఆట బయటే కూర్చోబెడతారు.

డాలస్‌వాళ్ళు తమ పాఠాన్ని తామే మరోసారి చదివారు. 2011, 2013, 2014ల్లో మొదటి రౌండు వంతులను గోడకే పెట్టారు, టైరన్ స్మిత్, ట్రావిస్ ఫ్రెడరిక్, జాక్ మార్టిన్. 2014లో వాళ్ళ వెనక డిమార్కో మర్రే 1,845 గజాలు పరుగెత్తాడు. మరుసటి ఏడాది మర్రే వేరే జట్టుకు పోతే వచ్చినవి 702. ఆ తర్వాత 2016లో నాలుగో వంతులో ఎజీకియెల్ ఎలియట్‌ని తెచ్చుకున్నారు. కొత్తవాడే ఆ ఏడాది 1,631 గజాలతో అందరికంటే ముందున్నాడు, జట్టు 13 గెలిచింది. గోడ ముందే ఉంది కాబట్టి ఆ పై వంతు వృథా పోలేదు.

బార్క్‌లీకి తన దారి తాను చూసుకునే వీలు దొరికింది 2024 మార్చిలో, 27 ఏళ్ళ వయసులో. ఫిలడెల్ఫియా ఈగిల్స్‌లో చేరాడు. ఆ సీజన్లో 2,005 గజాలు పరుగెత్తాడు, 2025 ఫిబ్రవరిలో కాన్సస్ సిటీని 40-22తో ఓడించి సూపర్ బౌల్ గెలిచాడు. అతని ముందున్న గోడలో ఎడమ చివర నిలబడ్డవాడు జోర్డన్ మైలాటా, ఆస్ట్రేలియాలో రగ్బీ ఆడుకుంటూ పెరిగిన మనిషి. డ్రాఫ్ట్‌కి ముందు అమెరికా ఫుట్‌బాల్ ఒక్క ఆట కూడా ఆడలేదు. ఇద్దరిదీ 2018 డ్రాఫ్టే. బార్క్‌లీది రెండో పేరు, మైలాటాది 233వది.