గడ్డిమందు కొడితే మేతభూమి బాగుపడుతుందా?

జనగామ చలకల్లోనూ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పడావు భూముల్లోనూ వయ్యారిభామ (కాంగ్రెస్ గడ్డి అని కూడా పిలిచే పార్థీనియం కలుపు) కమ్ముకుపోయినప్పుడల్లా వినిపించే సలహా ఒకటుంది: ఒక్కసారి గడ్డిమందు కొడితే పీడ వదిలిపోయి, తొలకరికి మంచి గడ్డి దానంతటదే లేస్తుందని. 2017లో మొదలైన పంపిణీ పథకం కింద గొల్ల కురుమల కుటుంబాలకు 21 గొర్రెల చొప్పున యూనిట్లు అందిన ఈ ప్రాంతంలో ఎకరం మేత కూడా అమూల్యమే కనుక, ఈ అపోహ చేసే నష్టం నేరుగా మంద కడుపు మీద పడుతుంది.

గడ్డిమందు పేరుతో ఎక్కువగా కొట్టే గ్లైఫోసేట్ పచ్చని ఆకుల గుండా లోపలికి వెళ్లి, మొక్క ఎదుగుదలకు కావలసిన కొన్ని అమైనో ఆమ్లాల తయారీని ఆపి, వేరుదాకా చంపుతుంది. మట్టిని తాకిన మందు మాత్రం మట్టి రేణువులకు అంటుకుపోయి పనిచేయడం మానేస్తుంది కాబట్టి, నేలలో పడి ఉన్న విత్తనానికి ఏమీ కాదు. ఒక్క వయ్యారిభామ మొక్క పాతిక వేల దాకా విత్తనాలు రాల్చగలదు. పైగా ఈ మందుకు కలుపు, మేత అనే తేడా లేదు. కొట్టిన వారం పది రోజులకు చేనంతా పసుపెక్కి ఎండిపోతే పని అయిపోయిందనుకుంటారు. మొదటి రెండు వానలు పడగానే, చచ్చిన గరిక దుబ్బుల మధ్య నేలకు అతుక్కుని గుండ్రంగా పరుచుకున్న, క్యారెట్ ఆకులా చీలికలున్న వయ్యారిభామ మొలకలు కనిపిస్తాయి, అవి నెల తిరిగేసరికి పూతకు వస్తాయి. బోసి నేలను ముందుగా ఆక్రమించేది ఎక్కువ విత్తనమున్న మొక్కే గనుక, పోటీకి నిలిచే గడ్డిని చంపి కలుపుకే దారి ఇవ్వడం ఇకనైనా ఆగాలి. అన్నిటికీ మించి, ఈ మందును పురుగుల నివారణ లైసెన్సుదారుల ద్వారానే వాడాలని 2022 అక్టోబరులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. కలుపుమందును తట్టుకునే అనుమతిలేని పత్తి కారణంగా తెలంగాణ అంతకుముందే దీని అమ్మకంపై ఆంక్షలు పెట్టింది.

గడ్డిమందుకు బదులు ఉప్పు చల్లుదామంటే, అది ఎక్కువగా పడిన చోట కలుపుతో పాటు గడ్డి కూడా మొలవదు. 1984లో బెంగళూరులో వదిలిన మెక్సికన్ పెంకుపురుగు వయ్యారిభామ ఆకులను తినే మాట నిజమే అయినా, వానలు వెనుకబట్టాక అది నేలలో దాక్కుంటుంది కాబట్టి భారమంతా దాని మీద వేయలేం.

ఎండుగడ్డికి నిప్పు పెడితే మంచి చిగురు వస్తుందన్న మాటను మాత్రం కొంత ఒప్పుకోక తప్పదు: బహువార్షిక గడ్డి (ఏళ్ల తరబడి అదే దుబ్బు నుంచి చిగిర్చే గడ్డి) మొదలు మంటకు చావదు, కొత్త చిగురును గొర్రెలు ఇష్టంగా తింటాయి. అయితే ఆ చిగురు వేరులో దాచుకున్న ఆహారంతో వచ్చేది కనుక వెంటనే మేపితే దుబ్బు నీరసిస్తుంది, కప్పులేని చలక మట్టి తొలివానకే కొట్టుకుపోతుంది, భూపాలపల్లి అడవి అంచున ఆ మంట గట్టు దగ్గర ఆగదు.

మొలవని స్టైలో (చలక నేలలకు సరిపడే పప్పుజాతి మేత మొక్క) విత్తనమంతా నకిలీదనుకోవడమూ పొరపాటే. దాని పైపొర నీటిని లోపలికి రానివ్వనంత గట్టిది. 80 డిగ్రీల వేడినీటిలో నాలుగైదు నిమిషాలు ఉంచి, తీసి చల్లార్చి, నీడలో ఆరబెడితే మొలక బాగా పెరుగుతుంది. అంజన్ గడ్డి (ఇదీ బహువార్షిక మేత గడ్డే) విత్తనం ఇందుకు భిన్నం: అప్పుడే కోసినది సరిగా మొలవదు, కొన్ని నెలలు నిల్వ ఉంచాలి, నూగుతో గాలికి ఎగిరిపోతుంది గనుక తడి ఇసుకలో కలిపి చల్లాలి.

వయ్యారిభామను నేల తడిగా ఉన్నప్పుడు, పూత రాకముందే, చేతి తొడుగులతో వేరుతో సహా పీకాలి. తాకితే దురద, పుప్పొడి పీలిస్తే ఆయాసం వస్తాయి. పూయని మొక్కను ఎరువు గుంటలో వేయవచ్చు, పూసినదాన్ని వేస్తే విత్తనాలు ఎరువుతో పాటు చేనుకు చేరతాయి. తొలకరి పదునుకు గుంటక తోలి, ఎకరానికి అంజన్, స్టైలో చెరో రెండు కిలోలు చల్లి, గోరు లోతుకు మించకుండా మట్టి కప్పాలి. ఆ వానాకాలమంతా మందను దూరంగా ఉంచి, గడ్డి గింజ రాల్చాక కోసి మేపాలి. మరుసటి ఏడు నుంచి భూమిని రెండు భాగాలు చేసి మార్చి మార్చి తోలుతూ, నేల బోసిపోయిన చోట ప్రతి తొలకరికీ మళ్లీ విత్తనం చల్లుకోవాలి.