చెవిలో దాగే మిషన్ ఎవరికి నప్పుతుంది?

"వినిపిస్తోంది, కానీ ఏమన్నారో తెలియడం లేదు." వినికిడి తగ్గుతున్న పెద్దవాళ్లు తరచుగా చెప్పే మాట ఇది. ఇంట్లోవాళ్లు దీన్ని పరధ్యానమనో సాకనో అనుకుంటారు. నిజానికి చెవి లోపల వచ్చిన మార్పును ఇంతకంటే సరిగ్గా చెప్పడం కష్టం. చెవి మిషన్ కొనాలనుకునేవాళ్లు ముందుగా తెలుసుకోవలసింది ఈ మార్పు గురించే. కనిపించనిది కావాలా, ఛార్జింగ్‌ది కావాలా అన్న ప్రశ్నలు ఆ తర్వాత వస్తాయి.

లోపలి చెవిలో కాక్లియా (కంపనాలను నరాల సంకేతాలుగా మార్చే, నత్తగుల్లలా చుట్టుకున్న గొట్టం) ఉంటుంది. అందులో వేల సంఖ్యలో కేశకణాలు ఉంటాయి. ఒక్కోచోట ఉన్న కణాలు ఒక్కో పౌనఃపున్యానికి (సెకనుకు ఎన్ని కంపనాలు అనే లెక్కకు) స్పందిస్తాయి. సన్నని ధ్వనులను పట్టుకునే కణాలు గొట్టం మొదట్లోనే ఉంటాయి. వయసుతో, పెద్ద మోతలతో ముందు దెబ్బతినేవి అవే. మనుషుల్లో అవి పోతే మళ్లీ పుట్టవు.

మాటలో అచ్చుల బలం చాలావరకు తక్కువ పౌనఃపున్యాల్లో ఉంటుంది. స, చ, త, క వంటి హల్లులను గుర్తుపట్టే ఆనవాళ్లు ఎక్కువగా పై పౌనఃపున్యాల్లో ఉంటాయి. ఆ పైభాగం చెవికి అందకపోతే పాలు, కాలు, చాలు అన్న మూడు మాటలూ దాదాపు ఒకేలా చేరతాయి. గట్టిగా అరిచినా పెద్దగా లాభం ఉండదు. అరుపులో ముఖ్యంగా పెరిగేది అచ్చే. కాబట్టి మిషన్ చెయ్యవలసిన పని అన్ని ధ్వనులనూ పెంచడం కాదు. తగ్గిన చోట, తగ్గినంత మేరకే పెంచడం.

ఎక్కడ ఎంత తగ్గిందో చెప్పేది ఆడియోగ్రామ్ (ఒక్కో పౌనఃపున్యం దగ్గర ఎంత బిగ్గరగా ఉంటే వినిపిస్తోందో చూపే పటం). సాధారణంగా 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా పరీక్షిస్తారు. బిగ్గరతనాన్ని డెసిబెల్స్‌లో రాస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన వర్గీకరణ ప్రకారం, బాగా వినిపించే చెవిలో 20 నుంచి 35 డెసిబెల్స్ దాకా ఉంటే స్వల్ప లోపం. 35 నుంచి 50 మధ్యస్థం. 50 నుంచి 65 అంతకంటే ఎక్కువ. 65 దాటితే తీవ్రం. ఈ పటం చేతిలో లేకుండా మిషన్ ఎంచుకోవడం కుదరదు.

ఇక మిషన్ సంగతికి వద్దాం. అది ఏ సైజులో ఉన్నా లోపల నాలుగు భాగాలు ఉంటాయి. ధ్వనిని తీసుకునే మైక్, దాన్ని సవరించే చిప్, చెవిలోకి పంపే చిన్న స్పీకర్, బ్యాటరీ. ఈ నాలుగింటినీ చెవి వెనక పెట్టే డొప్పలో అమర్చడం తేలిక. కర్ణనాళంలో (చెవి రంధ్రం నుంచి కర్ణభేరి దాకా ఉండే దారి) అమర్చడం కష్టం. పెద్దవాళ్లలో ఆ దారి పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లు. పైగా అది వంకర తిరిగి ఉంటుంది. నాళం ముఖం దగ్గర కాస్త కనిపించే రకాన్ని ఐటీసీ అంటారు. దాదాపు పూర్తిగా లోపలికి వెళ్లి, తీయడానికి సన్నని దారం మాత్రమే బయట ఉండే రకం సీఐసీ. ఇంకా లోతుగా కూర్చునేది ఐఐసీ.

ఈ చిన్న రకాలు చాలాకాలంగా ఉన్నాయి. ఛార్జింగ్ సౌకర్యం మాత్రమే కొత్త. పాత సీఐసీల్లో ఎక్కువగా 10 నంబరు బ్యాటరీ వాడేవారు. దాని వ్యాసం సుమారు 6 మిల్లీమీటర్లు. కొద్ది రోజులకే మార్చాలి. చేతులు వణికేవాళ్లకూ చూపు మందగించినవాళ్లకూ ఆ చిన్న తలుపు తీసి, బిళ్ల మార్చడం పెద్ద పరీక్ష. మనవలున్న ఇళ్లలో బిళ్ల బ్యాటరీ మింగే ప్రమాదం ఒకటి. ఛార్జింగ్ మిషన్‌లో బ్యాటరీ లోపలే బిగించి ఉంటుంది కాబట్టి ఈ రెండు బాధలూ తప్పుతాయి. రాత్రి డబ్బాలో పెడితే ఉదయానికి సిద్ధం.

మరి ఇంత ఆలస్యం ఎందుకైంది? పాత బిళ్లలు జింక్-ఎయిర్ రకానివి. రసాయన చర్యకు కావలసిన ఆక్సిజన్‌ను అవి గాలి నుంచి తీసుకుంటాయి. అందుకే చిన్న బిళ్లలో కూడా చాలా శక్తి పడుతుంది. ఛార్జ్ చేసుకునే లిథియం-అయాన్ బ్యాటరీకి ఆ వెసులుబాటు లేదు. అదే సైజులో తక్కువ శక్తి నిల్వ చేస్తుంది. చెవి వెనక పెట్టే మిషన్లలోకి అది 2016 ప్రాంతంలో విస్తృతంగా వచ్చింది. చిప్‌లు కరెంటును పొదుపుగా వాడడం నేర్చాక, 2020 ప్రాంతం నుంచి చెవిలోపలి రకాల్లోకీ చేరింది. కానీ ఇప్పటికీ పూర్తిగా కనిపించకపోవడం, ఛార్జింగ్ అనే రెండు కోరికలు ఒకే చోటు కోసం పోటీ పడుతున్నాయి. బాగా లోతుగా కూర్చునే రకాల్లో చాలావాటికి బిళ్ల మార్చడం తప్పడం లేదు. ఛార్జింగ్‌వి కొంచెం పెద్దవిగా, కొంచెం బయటికి ఉంటాయి.

చోటు తగ్గితే పోయేది బ్యాటరీ ఒక్కటే కాదు. పెద్ద మిషన్లలో రెండు మైక్‌లు ఉంటాయి. రెండింటికీ ధ్వని చేరే సమయంలో ఉండే సూక్ష్మమైన తేడాను బట్టి, ఎదురుగా ఉన్న మనిషి మాటను నిలిపి వెనక గోలను తగ్గిస్తాయి. బాగా చిన్నవాటిలో ఒక్క మైకే పడుతుంది. పెళ్లి హాల్లో, సంతలో ఈ లోటు తెలుస్తుంది. ఫోన్ మాటలు నేరుగా మిషన్‌లోకి వచ్చే బ్లూటూత్ సౌకర్యం కూడా వీటిలో చాలావాటికి ఉండదు. దీనికి బదులుగా కొన్ని లాభాలున్నాయి. మైక్ చెవి డొప్ప లోపల ఉంటుంది కాబట్టి దిక్కు తెలియడంలో చెవి ఆకారం సహజంగా సాయపడుతుంది. గాలి హోరు తక్కువ. ఫోన్ మామూలుగా చెవికి ఆనించుకోవచ్చు. కళ్లద్దాలకు అడ్డం రాదు.

అన్నిటికంటే ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది వేరే ఉంది. రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుని "ఈ..." అని సాగదీసి చూడండి. మీ గొంతు తలలో మోగుతుంది. మాట్లాడేటప్పుడు ఎముకల ద్వారా నాళంలోకి చేరే కంపనాలు మామూలుగా బయటికి పోతాయి. నాళాన్ని మూస్తే లోపలే చిక్కుకుంటాయి. చెవిలోపలి మిషన్ చేసేదీ ఇదే. దీన్ని తగ్గించడానికి మిషన్‌లో సన్నని గాలి రంధ్రం వదులుతారు. ఆ రంధ్రానికీ చోటు కావాలి. పైగా స్పీకర్ ధ్వని ఆ దారినే మళ్లీ మైక్‌ను చేరితే కీచుమని ఈల వేస్తుంది. మిషన్ ఎంత చిన్నదైతే మైక్, స్పీకర్ అంత దగ్గర. ఈల అవకాశం అంత ఎక్కువ.

అందుకే ఆడియోగ్రామ్‌లో ఎడమ పక్కన, అంటే తక్కువ పౌనఃపున్యాల దగ్గర, వినికిడి దాదాపు మామూలుగా ఉంటే నాళాన్ని మూసే మిషన్ మంచిది కాదని నా అభిప్రాయం. వాళ్లకు ఆర్ఐసీ (చిన్న డొప్ప చెవి వెనక, స్పీకర్ మాత్రం సన్నని తీగ చివర నాళంలో ఉండే రకం) హాయిగా ఉంటుంది. నాళం తెరిచే ఉంటుంది. ఇప్పుడు వస్తున్న ఆర్ఐసీలు జుట్టు చాటున పెద్దగా కనిపించవు కూడా. లోపం 65, 70 డెసిబెల్స్ దాటినవాళ్లకు నాళంలోనే ఇమిడే చిన్న మిషన్ సాధారణంగా చాలదు. వాళ్లు ఎక్కువగా చెవి వెనక పెట్టే రకానికే వెళ్లాలి. స్వల్పం నుంచి మధ్యస్థం దాకా లోపం ఉండి, కింది పౌనఃపున్యాల్లోనూ కొంత తగ్గి, నాళం తగినంత వెడల్పుగా, పొడిగా ఉన్నవాళ్లకు ఛార్జింగ్ ఐటీసీ చక్కగా సరిపోతుంది.

పొడిగా అన్న మాట మీద ఒక్క నిమిషం ఆగాలి. చెవి కారేవాళ్లు, కర్ణభేరికి చిల్లు ఉన్నవాళ్లు ఈఎన్‌టీ డాక్టరు సరేననేదాకా నాళాన్ని మూసే మిషన్ పెట్టకూడదు. షుగరు ఉన్నవాళ్లకు నాళంలో ఇన్‌ఫెక్షన్ వస్తే ముదిరే ప్రమాదం ఎక్కువ. వాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఆరోగ్యమైన చెవిలో కూడా గులిమి, చెమట ఉంటాయి. నాళంలో కూర్చున్న స్పీకర్ మూతి మీదే అవి చేరతాయి. విశాఖ, కాకినాడ వంటి ఉక్కపోత ఊళ్లలో ఇది నిత్య సమస్య. రోజూ పొడిబట్టతో తుడవాలి. గులిమిని ఆపే చిన్న జల్లెడను అడ్డుపడినప్పుడల్లా మార్చాలి. తేమ పీల్చే డబ్బా ఉండాలి.

బ్యాటరీకి కూడా ఆయుష్షు ఉంది. కొన్నేళ్ల తర్వాత పూట గడవకముందే అయిపోవడం మొదలవుతుంది. అప్పుడు మార్చేది కంపెనీయే. ఖర్చు ఎంత, ఎన్ని రోజులు మిషన్ లేకుండా ఉండాలి అన్నది ముందే అడగండి. కరెంటు కోతలున్న చోట సొంత బ్యాటరీ ఉన్న ఛార్జర్ తీసుకోవడం మేలు.

ఆన్‌లైన్‌లో చవకగా దొరికే, చూడడానికి ఇలాగే ఉండే పరికరాల్లో చాలావరకు ఉత్త ధ్వని పెంచే యంత్రాలు. ఆడియోగ్రామ్‌తో వాటికి సంబంధం లేదు. పళ్లెం కింద పడిన చప్పుడును కూడా మాటతో సమానంగా పెంచుతాయి. మిగిలిన వినికిడికి అవి మంచివి కావు.

పరీక్షకు, అమరికకు భారత పునరావాస మండలిలో నమోదైన ఆడియాలజిస్టు దగ్గరికే వెళ్లండి. సికింద్రాబాద్‌లో, వినికిడి, మాట లోపాలున్నవారి కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకు కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద మిషన్లు ఇస్తారు. అమర్చాక, సన్నని గొట్టాన్ని నాళంలో ఉంచి మిషన్ ధ్వని కర్ణభేరి దగ్గరికి నిజంగా ఎంత చేరుతోందో కొలిచే పద్ధతి ఉంది. అది చేస్తారా అని అడగండి. రెండు చెవుల్లోనూ లోపం ఉంటే రెండింటికీ పెట్టుకుంటే గోలలో మాట మెరుగ్గా తెలుస్తుంది. మెదడు కొత్త ధ్వనులకు అలవాటు పడడానికి వారాలు పడుతుంది. మొదటి రోజే తీసి పక్కన పెట్టకండి.

ఒక్క చెవి ఉన్నట్టుండి గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో వినిపించడం మానేస్తే అది మిషన్ కొనే సమస్య కాదు. ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరును కలవాలి. ఆలస్యమైతే మందులు పనిచేసే అవకాశం తగ్గిపోతుంది.

కనిపించకూడదన్న కోరికను ఎవరూ చులకన చెయ్యకూడదు. ఇష్టంలేని మిషన్ డబ్బాలోనే ఉండిపోతుంది. అయితే ఆ కోరికను ఆడియోగ్రామ్ ఒప్పుకోవాలి. దుకాణానికి మీ ఇంటి మనిషిని వెంట తీసుకువెళ్లండి. మిషన్ పెట్టుకుని రోడ్డు మీదికి వచ్చి, వాహనాల మోతలో ఆ మనిషితో మాట్లాడి చూడండి. నప్పకపోతే తిప్పి ఇచ్చే గడువును రసీదు మీద రాయించుకున్నాకే డబ్బు కట్టండి.