పక్కనే తుంగభద్ర.. అయినా పడమటి పల్లెలకు నీటి కష్టాలెందుకు?

ఆంధ్రప్రదేశ్ అంటే 900 కిలోమీటర్లకు పైగా సముద్ర తీరం ఉన్న రాష్ట్రం. కానీ కర్నూలు జిల్లా పడమటి అంచున ఉన్న మాధవరం, ఆదోని, ఎమ్మిగనూరు వైపు వెళ్తే కనిపించేది వేరే ప్రపంచం. మాధవరం దగ్గర తుంగభద్ర నది దాటితే కర్ణాటకలోని రాయచూరు జిల్లా. నది ఇంత దగ్గరున్నా పొలాలు ఎందుకు ఎండుతున్నాయి? ఇవీ కారణాలు.

వాన ఎందుకు తక్కువ?
నైరుతి రుతుపవనాలు అరేబియా సముద్రం నుంచి వస్తాయి. మోసుకొచ్చిన తేమలో ఎక్కువ భాగం పశ్చిమ కనుమల మీదే కురిసిపోతుంది. కనుమలు దాటాక మిగిలేది అరకొర వానే. ఇలాంటి ప్రాంతాన్నే 'వర్షచ్ఛాయ' ప్రాంతం అంటారు. ఇక బంగాళాఖాతం తుపాన్లు ఇంత లోపలికి వచ్చేసరికి బలహీనపడతాయి.

నది కింద.. పొలం పైన
ఆదోని సముద్ర మట్టానికి సుమారు 435 మీటర్ల ఎత్తులో ఉంది. తుంగభద్ర మాత్రం పల్లంలో పారుతుంది. నీళ్లు వాటంతట అవే పైకి ఎక్కవు కదా! అందుకే రెండే దారులు. ఒకటి మోటార్లతో తోడే ఎత్తిపోతలు. గురు రాఘవేంద్ర పథకం అలాంటిదే. రెండోది ఎగువన ఎత్తైన చోట నుంచి కాలువ తేవడం. 1953లో పూర్తయిన హోస్పేట డ్యామ్ నుంచి వచ్చే దిగువ కాలువ, అంటే ఎల్ఎల్‌సీ, ఈ పనే చేస్తోంది.

చివరికి చేరేసరికి..
ఈ కాలువ సుమారు 250 కిలోమీటర్ల వరకు తుంగభద్ర బోర్డు నిర్వహణలో ఉంటుంది. ఆ తర్వాతే ఏపీ అధికారుల చేతికొస్తుంది. దారి పొడవునా ఇంకిపోయేది కొంత, అక్రమంగా తోడుకునేది కొంత. చివరి ఆయకట్టు రైతులది ఏటా ఇదే గోడు. పైగా డ్యామ్‌లో పూడిక పేరుకుపోయింది. మొదట్లో 133 టీఎంసీలున్న నిల్వ సామర్థ్యం ఇప్పుడు 105 టీఎంసీల దగ్గరికి పడిపోయింది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఇక్కడి రైతులు అంత కంగారు పడింది అందుకే.

వరదొస్తే ముంపే
2009 అక్టోబరులో ఇదే నది పొంగి మంత్రాలయాన్ని ముంచేసింది. ఎగువన భారీ వానలు పడితే ఇక్కడ చినుకు లేకపోయినా వరద వస్తుంది. ఒడ్డు పల్లెలకు ముంపు, మెట్ట పల్లెలకు కరువు!

నల్లరేగడే ఆసరా
నల్లరేగడి నేల తేమను చాలా రోజులు పట్టి ఉంచుతుంది. ఆ తేమతోనే పత్తి పండుతుంది. ఆదోని పత్తి మార్కెట్‌కు పేరొచ్చింది ఈ నేల వల్లే. అయితే వాన పూర్తిగా మొహం చాటేస్తే రేగడి నెర్రెలు విచ్చుతుంది. అప్పుడు ఊళ్లకు ఊళ్లే మిరప కోతలకు గుంటూరుకు, కూలి పనులకు బెంగళూరుకు వలస వెళ్తాయి. పెద్దలతో పాటు పిల్లలూ వెళ్లడంతో బడి మధ్యలోనే ఆగిపోతుంది.

వానను, నేల ఎత్తును మార్చలేం. కానీ కాలువ చివరి దాకా నీళ్లు చేర్చడం, చెరువులు నింపడం మన చేతిలో పనే. పడమటి పల్లెలు అడుగుతున్నది కూడా అదే.